స్లాక్‌లో దొంగ ఏదీ డౌన్‌లోడ్ చెయ్యడు

రోజుకి సగటున 23 సార్లు. రిప్లింగ్ అనే అమెరికన్ పేరోల్ సాఫ్ట్‌వేర్ కంపెనీ 2025 మార్చిలో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో వేసిన దావాలోని లెక్క ఇది. డబ్లిన్ ఆఫీసులో పేరోల్ పని చూసే ఒక ఉద్యోగి నాలుగు నెలల పాటు కంపెనీ స్లాక్‌లో (ఆఫీసు చాట్ యాప్) పోటీ కంపెనీ ‘డీల్’ పేరు అన్నిసార్లు వెతికాడని ఆరోపణ. నెలకి 5,000 యూరోలు తీసుకుని సమాచారం అందించానని ఏప్రిల్‌లో ఐర్లండ్ కోర్టుకిచ్చిన అఫిడవిట్‌లో అతను ఒప్పుకున్నాడు. డీల్ మాత్రం తప్పేమీ చెయ్యలేదంటోంది, ఎదురు దావా కూడా వేసింది. ఎవరు గెలుస్తారో కోర్టు చూసుకుంటుంది. ఇలాంటి యాప్‌లు నడిపే అడ్మిన్‌లు చూడాల్సింది ఇక్కడ సమాచారం బయటికి పోయిన దారి.

చాలా కంపెనీల్లో డీఎల్‌పీ (సమాచారం బయటికి పోకుండా ఆపే సాఫ్ట్‌వేర్) కాపలా అంతా ఫైళ్ల మీదే: పెన్‌డ్రైవ్, పర్సనల్ జీమెయిల్, డ్రైవ్ అప్‌లోడ్. చాట్‌లో విలువైన సరుకు ఫైల్ రూపంలో ఉండదు. ‘వాళ్లు మన రేటు ఎక్కువంటున్నారు, 15 శాతం తగ్గిస్తే ఈ వారమే సంతకం పెడతారు’ అన్న ఒక్క లైన్ చాలు. చదివి గుర్తుపెట్టుకుంటే పని అయిపోతుంది, ఏ అలర్టూ మోగదు.

పైగా స్లాక్‌లో పబ్లిక్ ఛానెల్‌ని ఏ ఫుల్ మెంబరైనా (గెస్ట్ కాని సభ్యుడు) జాయిన్ అవ్వకుండానే తెరిచి చదవొచ్చు. జాయిన్ అయితే ఫలానా వ్యక్తి వచ్చాడని అందరికీ కనిపిస్తుంది. జాయిన్ కాకుండా ఇలా ప్రివ్యూ చేస్తే ఛానెల్లో ఉన్నవాళ్లకి ఏమీ తెలియదు. కొత్త లీడ్ (కొనే అవకాశమున్న కస్టమర్) వచ్చినప్పుడల్లా బాట్ పోస్ట్ పెట్టే సేల్స్ ఛానెళ్లు చాలా చోట్ల పబ్లిక్‌గానే పడుంటాయి, ఎవడో సెటప్ రోజున అలా వదిలేశాడు కాబట్టి. అన్నిటినీ ప్రైవేట్ చేసేస్తే జనం విసిగిపోయి వాట్సాప్ గ్రూపులకి వెళ్లిపోతారు, అది ఇంకా నష్టం. రేట్లు, కస్టమర్ ఫిర్యాదులు, జీతాలు, కొనుగోళ్ల చర్చలు ఉండేవి మాత్రం ఈ వారమే ప్రైవేట్ చెయ్యండి. ఫైళ్లకి బయటి లింక్ సృష్టించే సౌకర్యాన్ని కూడా అదే రోజు ఆపేయండి.

ప్రివ్యూలు లాగ్‌లో (ఎవరు ఏం చేశారో నమోదయ్యే చిట్టా) కనిపిస్తాయా అంటే, అది మీ ప్లాన్‌ని బట్టి ఉంటుంది. స్లాక్ ఎంటర్‌ప్రైజ్ ప్లాన్‌లో ఉండే ఆడిట్ లాగ్స్‌లో పబ్లిక్ ఛానెల్ ప్రివ్యూ, ఫైల్ డౌన్‌లోడ్, బయటి లింక్ సృష్టి వేర్వేరు ఈవెంట్లుగా పడతాయి. కింది పెయిడ్ ప్లాన్లలో యాక్సెస్ లాగ్‌తో సరి: ఎప్పుడు, ఏ ఐపీ నుంచి, ఏ పరికరంతో వచ్చారో తెలుస్తుంది, ఏం చదివారో తెలియదు. మైక్రోసాఫ్ట్ చాట్ యాప్ టీమ్స్‌లో ఫైల్ తెరిచినది, దింపినది ఆ కంపెనీదే అయిన పర్‌వ్యూ ఆడిట్ లాగ్‌లో దొరుకుతాయి కానీ మామూలు లైసెన్సుకి 180 రోజుల వరకే. మన ఐటీ కంపెనీల్లో చాలాచోట్ల నోటీస్ పీరియడ్ 90 రోజులు. తీసుకెళ్లాలనుకున్నవాడు రాజీనామాకి ముందే మొదలుపెడతాడు, దానికో నెల కలపండి. పోటీ కంపెనీలో మన రేట్లు తేలి ఎవరికైనా అనుమానం వచ్చేసరికి ఇంకో మూడు నెలలు. అప్పటికి మొదటి జాడలు లాగ్‌లోంచి జారిపోయుంటాయి. అందుకే లాగ్‌లని రోజూ బయటికి లాగి విడిగా ఏడాదైనా దాచాలి.

చూసేటప్పుడు మొత్తం అంకెను నమ్మొద్దు. కొత్తగా చేరినవాడు మొదటి రెండు వారాల్లో వందల ఛానెళ్లు తిరగేస్తాడు, అది తప్పు కాదు. అదే టీమ్‌లో అదే పని చేసేవాళ్లతో పోల్చాలి: తన పనికి సంబంధం లేని ఛానెళ్లు ఎన్ని, చూసినవాటిలో జాయిన్ అయినవి ఎన్ని, ఒకే మాట చుట్టూ ఎంతకాలం తిరిగాడు. పేరోల్ మనిషికి సేల్స్ ఛానెల్‌లో రోజూ పనేమిటన్న ప్రశ్న ఈ పోలికలోనే పుడుతుంది.

ఇక ఎర. రిప్లింగ్ ‘డీ-డిఫెక్టర్స్’ అనే ఛానెల్ ఒకటి పెట్టి, అందులో డీల్‌ని ఇబ్బంది పెట్టే సంగతులున్నాయంటూ ఆ కంపెనీ పెద్దలకీ లాయర్‌కీ ఉత్తరం రాసింది. కొన్ని గంటల్లోనే డబ్లిన్ ఉద్యోగి ఆ పేరు వెతికాడని దావాలో ఉంది. ఎర బలమంతా ఆ పేరు ఒక్క దారిలోనే ప్రయాణించడంలో ఉంది. మామూలుగా ఎవరూ టైప్ చెయ్యని పేరు పెట్టాలి, లోపల ముగ్గురికి మించి తెలియకూడదు. ఛానెల్ ఎప్పుడు తెరిచారో, ఉత్తరం ఎప్పుడు వెళ్లిందో నిమిషాలతో సహా రాసుకోవాలి. సెక్యూరిటీ టీమ్‌లోనే ఎవరో కుతూహలం కొద్దీ తెరిచి చూస్తే ఎర చెడిపోతుంది. ఇది మామూలుగా జరిగే తప్పే.

వాట్సాప్ దగ్గర ఇవేమీ నడవవు. కంపెనీ చేతిలో లాగ్ ఉండదు. ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి తనకి తానే పంపుకుంటే అది సొంత ఫోన్‌లో తేలుతుంది. అందుకని ఆఫీస్ ఇంటర్నెట్‌ని వడగట్టే ప్రాక్సీలో వెబ్‌నీ, డెస్క్‌టాప్ యాప్‌నీ రెండిటినీ ఆపాలి. ఫోన్ కెమెరాతో స్క్రీన్ ఫొటో తీసేవాణ్ణి ఏ ప్రాక్సీ ఆపదు. కంపెనీల ఫలితాలు ముందే వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన 2017 నాటి వ్యవహారంలో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2020లో జరిమానాలు వేస్తే, ఆ మెసేజ్ కంపెనీ లోపలి నుంచే వచ్చిందని తేలలేదంటూ 2021 మార్చిలో సెబీ నిర్ణయాలపై అప్పీళ్లు వినే ట్రిబ్యునల్ శాట్ వాటిని కొట్టేసింది.

మనిషి దొరికాడనుకోండి, వెంటనే పిలిచి నిలదీయకండి. డబ్లిన్‌లో ఫోన్ అప్పగించమని కోర్టు ఆర్డర్ చేతికిస్తే అతను బాత్‌రూమ్‌లో తలుపు వేసుకున్నాడు, ఆ తర్వాత ఆఫీస్ నుంచి వెళ్లిపోయాడు. ఫోన్‌ని గొడ్డలితో పగలగొట్టానని తర్వాత అఫిడవిట్‌లో చెప్పాడు. ముందు రిటెన్షన్ (పాత మెసేజ్‌లు వాటంతటవే చెరిగే గడువు) ఆపి లీగల్ హోల్డ్ (కేసు కోసం ఏదీ చెరగకుండా ఉంచడం) పెట్టండి, తర్వాత లాగ్‌లు ఎక్స్‌పోర్ట్ చెయ్యండి, ఆ పైన అన్ని సెషన్ల నుంచీ సైన్ అవుట్ చేయించండి. అతను పెట్టిన యాప్‌లు, వెబ్‌హుక్‌లు (యాప్‌ల మధ్య సమాచారం ఆటోమేటిక్‌గా పంపే లింకులు) విడిగా వెతకాలి. టీమ్స్‌లో ప్రైవేట్ చాట్‌లో పంపిన ఫైళ్లు పంపినవాడి వన్‌డ్రైవ్‌లోనే ఉంటాయి. లైసెన్స్ మిగులుతుందని హెచ్‌ఆర్ అకౌంట్ డిలీట్ చేయిస్తే, సెట్టింగ్ మార్చకపోతే 30 రోజుల్లో అవీ పోతాయి.

కేసు మన దగ్గర పెడితే ఐటీ చట్టం 43, 66 సెక్షన్లు వర్తిస్తాయి: మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. లాగ్‌లు సాక్ష్యంగా నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైల్ హాష్ విలువ (ఫైల్‌లో ఏ చిన్న మార్పు జరిగినా మారిపోయే వేలిముద్ర లాంటి సంఖ్య) రాయాలి. ఎక్స్‌పోర్ట్ అయిన నిమిషంలోనే హాష్ తీసి, కాపీ మీదే పని చెయ్యండి. ఎక్స్‌పోర్ట్ అయిన అసలు సీఎస్‌వీ ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ నొక్కితే తేదీల రూపం మారిపోతుంది, దాంతో హాష్ కూడా.