నా కోడ్ ఎవరు చూస్తారు? - రెండు వేసవుల ఇంటర్న్‌షిప్ అనుభవం

నేను జేఎన్‌టీయూ కాకినాడకు అనుబంధంగా ఉన్న ఒక కళాశాలలో, ఆర్20 రెగ్యులేషన్ (విశ్వవిద్యాలయం పాఠ్య నియమావళి) కింద కంప్యూటర్ సైన్స్ చదివాను. ఆ రెగ్యులేషన్ ప్రకారం రెండో సంవత్సరం చివర ఒకటి, మూడో సంవత్సరం చివర ఒకటి వేసవి ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. తప్పనిసరి అనగానే మా తరగతిలో చాలామందికి అది కళాశాలకు సమర్పించవలసిన మరో కాగితంగానే కనిపించింది. మొదటి వేసవిలో నేనూ అలాగే ఆలోచించాను.

ఒక సంస్థకు పదిహేను వందల రూపాయలు కట్టాను. ఇంటర్వ్యూ ఏమీ లేకుండానే మరుసటి రోజు ఆఫర్ లెటర్ వచ్చింది. ముందే రికార్డు చేసిన వీడియోలు చూసి, క్యాలిక్యులేటర్ వంటి చిన్న ప్రాజెక్టులు చేసి, వాటి కోడ్‌ను గిట్‌హబ్ అనే, కోడ్ దాచుకుని పంచుకునే వెబ్‌సైట్‌లో పెట్టి లింకులు పంపాలి. చివరి ప్రాజెక్టుకు పొరపాటున కోడ్ ఏమీ లేని ఖాళీ రిపాజిటరీ (ప్రాజెక్టు ఫోల్డర్) లింకు పంపాను. అయినా ‘అత్యుత్తమ ప్రతిభ’ అని రాసిన సర్టిఫికెట్ రెండు రోజుల్లో చేతికొచ్చింది. రెండు నెలల్లో నా కోడ్‌ను ఒక్కరూ తెరిచి చూడలేదని అప్పుడు అర్థమైంది. నాన్న కష్టపడి ఇచ్చిన డబ్బు అలా పోయినందుకు చాలా రోజులు బాధపడ్డాను.

మూడో సంవత్సరం జనవరి నుంచే వెతకడం మొదలుపెట్టాను. ముందుగా గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ గురించి చదివాను. 2005లో మొదలైన ఆ కార్యక్రమంలో ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టును, అంటే ఎవరైనా కోడ్ చూసి మార్పులు సూచించగల ప్రాజెక్టును ఎంచుకుని, ప్రతిపాదన రాసి, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పనిచేయవచ్చు. అయితే ప్రతిపాదనకు ముందే ఆ ప్రాజెక్టులో చిన్న మార్పులైనా చేసి ఉన్నవారికి ఎంపికయ్యే అవకాశం ఎక్కువ. నేను ఆలస్యంగా మేలుకున్నాను. అటు వెళ్లదలచినవారు దసరా సెలవులకే ఒక ప్రాజెక్టు కోడ్ చదవడం ప్రారంభిస్తే మంచిదని నా జూనియర్లకు ఇప్పటికీ చెబుతుంటాను.

నలభై చోట్లకు దరఖాస్తు చేస్తే చివరికి రెండు అవకాశాలు మిగిలాయి. ఒకటి పేరున్న పెద్ద కంపెనీలో నెలకు పన్నెండు వేల రూపాయల స్టైపెండ్‌తో. రెండోది మందుల దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే, మాదాపూర్‌లోని ఏడుగురు మనుషుల సంస్థలో ఎనిమిది వేలతో. ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగాను: నా కోడ్‌ను ఎవరు చూస్తారు? పెద్ద కంపెనీ హెచ్‌ఆర్ వారు, శిక్షణ తరవాత బ్యాచ్‌ను బట్టి పని కేటాయిస్తామన్నారు. చిన్న సంస్థలో డెవలపర్‌గా ఉన్న మేడమ్ స్వయంగా ఫోన్‌లోకి వచ్చి, “మీ కోడ్ నేనే చూస్తాను, నచ్చకపోతే తిప్పి పంపుతాను, ఎందుకో కూడా రాస్తాను” అన్నారు. మాదాపూర్ హాస్టల్‌కే ఆరున్నర వేలు అవుతుందని తెలిసినా, ఇంట్లో ఒప్పించి అక్కడే చేరాను.

మొదటి పది రోజులు కోడ్ చదవడంతోనే సరిపోయింది. తరవాత నాకు అప్పగించిన ఫిర్యాదు ఇది: రాత్రంతా తెరిచి ఉండే దుకాణాల్లో రోజువారీ నివేదికకూ గల్లా పెట్టెలోని డబ్బుకూ లెక్క కుదరడం లేదు. మూడు రోజులు వెతికితే కారణం దొరికింది. డేటాబేస్‌లో సమయం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో నిల్వ అవుతోంది. మన సమయం దానికంటే అయిదున్నర గంటలు ముందుంటుంది. అందువల్ల జూన్ 11 తెల్లవారుజామున రెండు గంటలకు ఇచ్చిన బిల్లు, జూన్ 10 రాత్రి ఎనిమిదిన్నరగా నమోదై, ముందు రోజు లెక్కలో చేరుతోంది.

ప్రతి బిల్లు సమయానికీ అయిదున్నర గంటలు కలిపి పోల్చేలా మార్చి, గర్వంగా రివ్యూకు, అంటే మేడమ్ పరిశీలనకు పంపాను. మేడమ్ తిప్పి పంపారు. “రెండు వందల బిల్లులతో పరీక్షించావు, ఏడాది బిల్లులతో పరీక్షించి చూడు” అని రాశారు. అలా చేస్తే నివేదిక తెరుచుకోవడానికి విపరీతంగా సమయం పట్టింది. సమయపు గడికి లెక్క జోడించినందువల్ల డేటాబేస్ ఇండెక్స్‌ను (కావలసిన వరుసలను త్వరగా వెతికిపెట్టే సూచికను) వాడుకోలేక, ప్రతి వరుసనూ చదువుతోంది. మార్చవలసింది బిల్లుల సమయాన్ని కాదు, రోజు హద్దులను. మన జూన్ 11 యూటీసీలో జూన్ 10 సాయంత్రం ఆరున్నరకు మొదలై, మరుసటి సాయంత్రం ఆరున్నరకు ముగుస్తుంది. ఆ రెండు హద్దుల మధ్య ఉన్న బిల్లులను అడిగితే చాలు. అర్ధరాత్రి, యూటీసీలో తేదీ మారే మన ఉదయం 5:29, 5:30, నెలాఖరు రాత్రి - వీటన్నిటికీ టెస్టులు రాశాక, మూడో రివ్యూలో ఆ మార్పు అంగీకారం పొందింది. నాలుగు సెమిస్టర్లలో డేటాబేస్ పాఠాలు ఎన్ని చదివినా, ఇండెక్స్ ఎందుకు ఉంటుందో నాకు నిజంగా తెలిసింది ఆ వారంలోనే.

ఎంత సేపు ప్రయత్నించాక ప్రశ్న అడగాలన్నది నేను చాలా ఇబ్బందిపడ్డ విషయం. మొదట్లో మొహమాటంతో రోజంతా వృథా చేసుకునేవాణ్ణి. గంటసేపు ముందుకు సాగకపోతే, అప్పటివరకు ఏమేమి చేసి చూశానో ఒక నోటు పుస్తకంలో రాసి, దానితో పాటే అడగమని మేడమ్ చెప్పారు. అలా రాస్తున్నప్పుడే సగం ప్రశ్నలకు నాకే జవాబు దొరికేది. ఆ నోటు పుస్తకమే చివర కళాశాల నివేదికకూ ఆధారమైంది.

చివరి వారంలో, కొత్తగా చేరేవారు తమ ల్యాప్‌టాప్‌లో ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎలా నడపాలో వివరిస్తూ ఒక పత్రం రాసి ఇచ్చాను. మరుసటి సంవత్సరం నా స్థానంలో చేరిన అమ్మాయి ఫోన్ చేసి, అందులో నాలుగో అంచె పనిచేయడం లేదని చెప్పింది. ఇద్దరం కూర్చుని చూస్తే నేను ఒక ఆదేశాన్ని రాయడం మరచిపోయానని తేలింది. ఆమె దాన్ని సరిచేసి, ఆ మార్పును మేడమ్‌కు రివ్యూకు పంపింది.