లాటరీ తగలని వాళ్ళ దారి

సియాటిల్ వచ్చినప్పటి నుంచి ఏటా ఫిబ్రవరిలో ఎన్‌చాంట్‌మెంట్స్ అనే కొండసరస్సుల ప్రాంతంలో రాత్రి బసకు పెట్టే లాటరీకి ఆరు డాలర్లు కడుతూనే ఉన్నాను. ఇక్కడి ఆల్పైన్ లేక్స్ వైల్డర్‌నెస్ అనే రక్షిత అడవిలో ఎక్కువమంది చూడాలని తపించే సరస్సులు అక్కడివే. మే 15 నుంచి అక్టోబరు 31 వరకు రాత్రి టెంటు వేసుకోవాలంటే లాటరీలో పేరు రావాల్సిందే. మూడేళ్ళు రాలేదు. తిరుమల లక్కీ డిప్‌లో సుప్రభాత సేవ దొరకని జాతకం, ఇక్కడ మాత్రం మారుతుందా!

"ఒక్కరోజులో వెళ్ళొచ్చేస్తే లాటరీ అక్కర్లేదు బావా" అన్నాడు మా బావమరిది. నిజమే. ట్రైల్ (నడక దారి) మొదట్లో ఉండే అనుమతి కాగితం మనమే నింపుకుంటే చాలు, దానికి పైసా ఖర్చు లేదు. కాకపోతే సుమారు 18 మైళ్ళు నడవాలి.

సెప్టెంబరు చివర్లో కారును నడక ముగిసే స్నో లేక్స్ దగ్గర వదిలి, షటిల్ బండిలో నడక మొదలయ్యే స్టూవర్ట్ లేక్ ట్రైల్‌హెడ్‌కి చేరాం. నాలుగింటికి తలకి లైట్లు కట్టుకుని బయల్దేరితే తెల్లవారేసరికి కోల్చక్ సరస్సు. హిమానీనదం రాతిని అరగదీసిన పొడి కలిసి ఆ నీళ్ళకు నెమలి కంఠం రంగు వచ్చింది. కూర్చుని పులిహోర తిన్నాం. ఎదురుగా మేం ఎక్కాల్సిన కనుమ, ఆస్‌గార్డ్ పాస్ కనిపిస్తుంటే ముద్ద దిగితేగా.

మైలు కూడా ఉండదు, కానీ దాదాపు 2,000 అడుగులు పైకి. దారంటూ సరిగా లేదు, బండరాళ్ళే. అక్కడక్కడా పేర్చిన చిన్న రాళ్ళ గుట్టల్ని చూసుకుంటూ, చాలాచోట్ల చేతులు కూడా ఆనించి ఎక్కాను. రెండు గంటలు పట్టింది. పైన 7,800 అడుగులు.

అక్కడి నుంచి ఒకదాని కింద ఒకటి సరస్సులే: ఐసొలేషన్, ఇన్‌స్పిరేషన్, పర్ఫెక్షన్. చుట్టూ లార్చ్ చెట్లు పసుపు ముద్దలా ఉన్నాయి. సూది ఆకులే అయినా చలికాలం ముందు రాల్చేసుకునే జాతి అది. కొండమేకలు వెంటపడ్డాయి, మన మీద ప్రేమతో కాదు, మూత్రంలో ఉప్పు కోసం! అందుకే మొక్కల మీద కాకుండా రాతి మీదే పోయమంటారు. లేకపోతే ఉప్పు కోసం అవి నేలంతా తవ్విపోస్తాయి.

పర్ఫెక్షన్ ఒడ్డున ఒకాయన టెంటు ముందు తాపీగా కాఫీ కాచుకుంటున్నాడు. నాకు అసూయ పుట్టింది అక్కడే. మాకు పది నిమిషాలు కూర్చోవాలన్నా టైమ్ చూసుకోవాలి.

అసలు కష్టం దిగేటప్పుడు మొదలైంది. స్నో లేక్స్ పార్కింగ్ 1,300 అడుగుల ఎత్తులో ఉంది. అంటే పై నుంచి 6,500 అడుగులు మోకాళ్ళ మీదే దిగాలి. ఎవరు వెళ్ళినా చేతికర్రలు మరవకండి. నేను బరువని ఇంట్లో పెట్టేసి వెళ్ళాను. చివరి మైళ్ళలో మాటల్లేవు. కారు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర.

మూడు రోజులు ఇంట్లో మెట్లు వెనక్కి తిరిగి దిగాను. మా ఆవిడ వీడియో తీసి వాళ్ళ తమ్ముడికి పంపింది. వాడూ అలాగే దిగుతున్నాడట.