మొలిచిన నారు ఎదగకుండా ఆగిపోతే: బెంగళూరు ఫ్లాట్‌లో నా అనుభవం

సర్జాపూర్ రోడ్డు వైపు మేం మారిన ఈ ఫ్లాట్‌కి ఉన్న ఒక్క బాల్కనీ ఉత్తరానికి చూస్తుంది. ఎదురుగా ఇంకో టవర్. నారు పెంచేంత ఎండ అక్కడ పడదు. అందుకే చిన్న గదిలో ఇనుప ర్యాక్ పెట్టి, ఒక్కో అరకి రెండేసి తెల్ల ఎల్‌ఈడీ గ్రో లైట్లు కట్టి, ప్రోట్రేల్లో (చిన్న చిన్న గడులున్న నారు ట్రేల్లో) నారు పోస్తాను. కాస్త ఎదిగాక కుండీల్లోకి మార్చి టెర్రస్ మీదకి చేరుస్తాం. జయనగర్‌లో ఉన్నప్పుడు కూడా ఇదే ర్యాక్, ఇవే లైట్లు. అక్కడ పోసిన నారు ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు.

ఈ ఇంట్లో డిసెంబరు మొదట్లో పోసిన నారు మొలవడం చక్కగానే మొలిచింది. టమాటా హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఆర్ వాళ్ల అర్కా రక్షక్ రకం. మిరప గుంటూరు నుంచి నాన్న పంపిన ఎల్‌సీఏ 334. గింజలు దాదాపు అన్నీ లేచాయి, రెండు విత్తనపాకులు (గింజలోంచి మొదట వచ్చే బీజదళాలు) విచ్చుకున్నాయి, ఇక అక్కడితో ఆగిపోయాయి. మామూలుగా ప్రోట్రేలో టమాటా నారు 25 నుంచి 30 రోజుల్లో నాటడానికి వస్తుంది, మిరపకి 35 నుంచి 40 రోజులు పడుతుంది. నా ట్రేల్లో వారాలు గడుస్తున్నా, విత్తనపాకుల తర్వాత వచ్చే అసలు ఆకులు మెంతి ఆకంత కూడా కాలేదు. విత్తనపాకులు మాత్రం మందంగా, నల్లబడిన పచ్చరంగులో, గట్టిగా నిలబడ్డాయి. టమాటా ఆకుల అడుగున ఊదా రంగు. మిరపకి కొత్తగా వచ్చే చిగురు అంచులు లోపలికి ముడుచుకుని, కొసలు గోధుమరంగుకి తిరిగాయి.

అడిగిన ప్రతివాళ్లూ చెప్పింది ఒకటే మాట: లైటు చాలడం లేదు, ఇంకా పెద్దది కొను. దీపాల కింద పెంచుతున్నామనగానే అందరి దృష్టీ ముందు దీపాల మీదకే పోతుంది. కానీ వెలుతురు చాలని మొక్క ఎలా ఉంటుందో మనకి తెలుసు. కాడ సన్నగా, పాలిపోయి, దీపం కోసం పైకి సాగి ఒరిగిపోతుంది. నా మొక్కల కాడలు పొట్టిగా, లావుగా ఉన్నాయి. అయినా కొలవకుండా కొట్టిపారేయడం ఎందుకని, ఆఫీసులో ఒకరి దగ్గర లక్స్ మీటర్ తెచ్చి ఆకుల ఎత్తులో పెట్టి చూశాను. ట్రే మధ్యలో 14,000 లక్స్ దగ్గర చూపించింది. తెల్ల ఎల్‌ఈడీకి సుమారు 70 లక్స్‌కి ఒక మైక్రోమోల్ (చదరపు మీటరు మీద సెకనుకి పడే, మొక్క వాడుకునే కాంతి లెక్క) అనుకుంటే అది 200 మైక్రోమోల్స్. రోజుకి 16 గంటలు వెలిగితే మొత్తం 11.5 మోల్స్ అవుతుంది. లేత నారుకి ఇది చాలినంత వెలుతురే. మరీ ఎక్కువైతే ఆకులు తెల్లబారాలి, అదీ లేదు. ట్రే అంచుల్లో వెలుతురు తక్కువ పడుతుంది, మధ్యలో ఎక్కువ. నా ట్రేలో అంచు మొక్కా మధ్య మొక్కా ఒకే ఎత్తులో ఆగిపోయాయి. వెలుతురే కారణమైతే ఆ రెంటికీ తేడా కనపడి తీరాలి. దాంతో లైటు సంగతి పక్కన పెట్టేశాను.

తర్వాత కాగితం మీద ఒక్కటే రాసుకున్నాను: జయనగర్ ఇంటికీ ఈ ఇంటికీ ఏం మారింది? విత్తనం, లైట్లు, ట్రేలు, గడుల్లో నింపే కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కంపెనీ, అన్నీ అవే. మారినవి మూడు. కాలం చలికాలం. గది కింది అంతస్తులో, గ్రానైట్ నేల మీద. నీళ్లు వేరు.

చలి సంగతి ముందు చూశాను, అది తేలిక కాబట్టి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో పదిహేను, పదహారు డిగ్రీలకి దిగడం మామూలే. గది గోడ మీది థర్మామీటర్ 21 చూపిస్తుంటే, వంటింటి థర్మామీటర్ పుల్లని కోకోపీట్‌లో గుచ్చితే పొద్దున పూట 17 చూపించింది. తడి కోకోపీట్ ఆవిరవుతూ చల్లబడుతుంది, కింద ఇనుప అర ఇంకా చల్లగా ఉంటుంది. టమాటా, మిరప వేళ్లకి 25 డిగ్రీల చుట్టుపక్కల హాయిగా ఉంటుంది. వేళ్లు చల్లబడితే మొక్క భాస్వరం తీసుకోలేదు, ఆకుల అడుగున ఊదా రంగు అందుకే వస్తుంది. ట్రేలని కింది అర నుంచి పై అరకి మార్చి, అడుగున థర్మోకోల్ షీటు పరిచాను. కింది అర దీపాల వేడి పై అరకి తగులుతుంది. పొద్దున రీడింగ్ 21కి వచ్చింది. కొత్తగా వచ్చిన టమాటా ఆకుల అడుగున ఊదా రంగు కనపడలేదు. ఎదుగుదల మాత్రం అలాగే ఉంది. మిరప చిగురు ముడత కూడా పోలేదు.

ఇక వేళ్లు చూడాల్సిందే అనిపించింది. ఒక మిరప మొక్కని గడితో సహా పైకి తీసి, తెల్ల గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడిగాను. ఆ వయసుకి వేళ్లు తెల్లగా అల్లుకుని, గడి ఆకారాన్ని పట్టి ఉంచాలి. ఇక్కడ పొట్టు మొత్తం చేతిలో విడిపోయింది. నాలుగైదు వేళ్లు, వాటి కొసలు తేనె రంగులో, నూగు లేకుండా ఉన్నాయి. వాసన చూశాను, కుళ్లు వాసన లేదు. వేరుని గోళ్ల మధ్య పట్టి లాగితే పైతోలు ఊడి దారం మిగలలేదు. అంటే వేరుకుళ్లు కాదు, నీళ్లు ఎక్కువై ఊపిరాడకపోవడమూ కాదు. ట్రేని చేత్తో ఎత్తి తేలికయ్యాకే నీళ్లు పెట్టే అలవాటు నాకు మొదటి నుంచీ ఉంది. కొసలు మాత్రమే మాడిన వేరుని చూస్తే ఉప్పు అనుమానం వస్తుంది.

ఈలోగా నర్సరీలో ఒకాయన 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) డోసు పెంచమన్నాడు. నేను పెంచలేదు, పెంచనందుకు ఇప్పటికీ సంతోషం. అది కూడా నీళ్లలో కరిగే లవణమే కదా. ఉప్పు అనుమానం ఉన్నచోట ఎరువు పెంచితే మొక్క ఇంకా దాహంతో అల్లాడుతుంది.

నీళ్లలో కరిగిన లవణాలని చూపించే టీడీఎస్ పెన్నుతో కుళాయి నీళ్లు కొలిస్తే 600 చూపించింది. ట్రేకి నీళ్లు పెట్టి, కాసేపాగి మళ్లీ కొద్దిగా పోసి, అడుగు నుంచి కారినవి గ్లాసులో పట్టి కొలిస్తే 1,500 దాటింది. ఈసీ (నీళ్ల విద్యుత్ వాహకత, ఉప్పు పెరిగితే ఇదీ పెరుగుతుంది) లెక్కలో అది 3 అవుతుంది. మట్టిని తడిపి పిండిన నీళ్లలో ఈసీ 1.5 దాటితే మిరప దిగుబడి తగ్గడం మొదలవుతుందని, టమాటా 2.5 దాకా ఓర్చుకుంటుందని వ్యవసాయ లెక్కలు చెబుతాయి. కొలిచే పద్ధతులు వేరు కాబట్టి అంకెకి అంకె పోల్చకూడదు. కానీ టమాటా కన్నా మిరప ఎందుకు ఎక్కువ బాధపడుతోందో అప్పుడు అర్థమైంది.

అయినా ఒక సందేహం మిగిలింది. నాన్న పొలంలోనూ బోరు నీళ్లే, వాటి టీడీఎస్ కూడా తక్కువేమీ కాదు. అక్కడ మిరప నారు బాగానే వస్తోంది కదా? ఫోన్ చేసి అడిగాను. నాన్న ఫొటోలు చూసి ఎరువుల గురించి ఒక్క మాట అడగలేదు.

"ఆ నీళ్లకి సబ్బు నురగ ఎట్లా వస్తదమ్మా?"

"బాగా వస్తుంది నాన్నా. ఎంత కడిగినా ఒంటికి జిగురుగానే ఉంటుంది."

"బోరు నీళ్లన్నావుగా. బోరు నీళ్లకి అంత నురగ ఎక్కడిది? ఏదో కలుపుతున్నారు, కనుక్కో. ఆ చిగురు ముడత చూస్తే మన చౌడు చేలో నారు గుర్తొస్తోంది."

అంత దూరం నుంచి, నురగని బట్టి అసలు సంగతి పట్టేశారు. వెంటనే మా ప్లంబర్ అన్నని అడిగాను. ఆయనది మదనపల్లె వైపు. "రండి మేడమ్, చూపిస్తా" అని పంపు రూముకి తీసుకెళ్లాడు. మనిషి ఎత్తున రెండు ఫైబర్ ట్యాంకులు, పక్కన పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో ఉప్పునీళ్లు, గోడవారగా ఉప్పు బస్తాలు వరసగా పేర్చి ఉన్నాయి. బోరు నీళ్లూ ట్యాంకర్ నీళ్లూ అన్నీ ఈ సాఫ్ట్‌నర్‌లోంచే ఫ్లాట్లకి ఎక్కుతాయి.

సాఫ్ట్‌నర్ పని ఉప్పుని తీసేయడం అని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులో ఉండే రెజిన్ గుళికలు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని, వాటికి బదులు సోడియం వదులుతాయి. గుళికలు నిండిపోయాక ఉప్పునీళ్లతో కడిగి మళ్లీ సోడియం ఎక్కిస్తారు, బస్తాలు దానికోసమే. లీటరుకి 100 మిల్లీగ్రాముల కఠినత్వం తీసేస్తే సుమారు 46 మిల్లీగ్రాముల సోడియం వచ్చి చేరుతుంది. గీజరుకి తెల్లపొర పట్టదు, జుట్టుకి మంచిది, అందుకే అపార్ట్‌మెంట్లలో పెడతారు. మొక్కకి మాత్రం కావలసిన రెండు పోషకాలు పోయి, అక్కర్లేనిది మిగులుతుంది. టీడీఎస్ మీటర్‌కి ఈ మార్పు తెలియదు, సాఫ్ట్‌నర్‌కి ముందూ తర్వాతా అంకె దాదాపు ఒకటే. నేనే రెండు చోట్లా పట్టి కొలిచాను.

నాన్న చౌడు అన్న మాట ఇక్కడ అచ్చంగా సరిపోయింది. చౌడు నేలలో మట్టి రేణువులకి సోడియం అంటుకుని ఉంటుంది. జిప్సం వేస్తే అందులోని కాల్షియం ఆ సోడియాన్ని పక్కకి నెట్టేస్తుంది, తర్వాత మంచి నీళ్లు పెట్టి దాన్ని కిందికి దింపేస్తారు. కోకోపీట్ కూడా అలాగే సోడియం, పొటాషియం పట్టి ఉంచుకుంటుంది, కాల్షియం కనపడితే లాక్కుంటుంది. దాన్ని కడిగింది కూడా సాఫ్ట్‌నర్ నీళ్లతోనే కాబట్టి, ఎన్నిసార్లు కడిగితే అంత సోడియం ఎక్కించినట్టే అయింది.

కారణం దొరికిందనుకుని అన్నీ ఒకేసారి మార్చేస్తే రేపు ఏది పనిచేసిందో తెలియదు. జయనగర్‌లో ఇప్పటికీ మా అక్క ఉంటుంది, వాళ్లకి కావేరి నీళ్లు వస్తాయి. క్యాన్‌తో పట్టుకొచ్చాను. కొత్త కోకోపీట్‌ని రెండు భాగాలు చేశాను. ఒక భాగం సాఫ్ట్‌నర్ నీళ్లతో పాత పద్ధతిలోనే కడిగాను. రెండోది కావేరి నీళ్లలో లీటరుకి 5 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపి రాత్రంతా నానబెట్టి, పొద్దున వడకట్టి, మంచి నీళ్లతో బాగా కడిగాను. ఒకే ట్రేలో ఎడమ సగం మొదటిది, కుడి సగం రెండోది. అవే మిరప గింజలు, అదే అర, అవే దీపాలు. నీళ్లు కూడా ఏ సగానికి ఆ నీళ్లే.

మొలవడంలో తేడా లేదు. గింజ లోపలి తిండితో మొలుస్తుంది కాబట్టి విత్తనపాకుల దాకా రెండూ సమానంగా వచ్చాయి. మొదటి అసలు ఆకుల జత దగ్గర దారులు వేరయ్యాయి. కావేరి సగంలో ఆకులు బల్లపరుపుగా, లేత పచ్చగా విచ్చుకుని పక్క గడి మీదకి పాకాయి. సాఫ్ట్‌నర్ సగంలో మళ్లీ అదే ముడత. ట్రే మధ్యలో గీత గీసినట్టు కనపడింది. నాన్నకి వీడియో కాల్‌లో చూపిస్తే ట్రేని దగ్గరికి తెమ్మని చాలాసేపు చూశారు.

పాత నారుని పారేయలేదు. ట్రేలని సింకులో పెట్టి, అడుగు నుంచి కారే నీళ్ల రీడింగ్ 500 లోపలికి వచ్చేదాకా మంచి నీళ్లు పోశాను. టమాటాలు త్వరగానే కోలుకున్నాయి. మిరపల్లో కొన్నిటికి కొత్త చిగుళ్లు సాఫీగా వచ్చాయి, కొన్ని రాలేదు.

జయనగర్ నుంచి ఎప్పుడూ క్యాన్లు మోయలేం. ఈ వైపు గ్రామాలకి కావేరి తాగునీటి పథకం ఐదో దశ 2024 అక్టోబరులో మొదలైంది గానీ మా బిల్డింగ్‌కి ఇంకా కనెక్షన్ రాలేదు. ప్లంబర్ అన్న సాఫ్ట్‌నర్‌కి ముందున్న కుళాయి చూపించాడు. ఆ పచ్చి బోరు నీళ్లు ఒక వంతు, వంటింటి ఆర్‌ఓ నీళ్లు రెండు వంతులు కలుపుతున్నాను. మీటర్ 230 దగ్గర ఆగుతుంది, బోరు నీళ్ల కాల్షియం, మెగ్నీషియం కొంత అందుతాయి. రెండు అసలు ఆకులు వచ్చాక లీటరుకి అర గ్రాము 19:19:19 వారానికోసారి. కాల్షియం నైట్రేట్ ఇవ్వాల్సొస్తే వేరే రోజు ఇస్తాను, చిక్కగా ఒకే డబ్బాలో కలిపితే రెండూ విరిగి అడుగున తెల్లగా పేరుకుంటాయి. ఆర్‌ఓ నుంచి వృథాగా పోయే నీళ్లని కుండీలకి పోసేవాళ్లు మా బిల్డింగ్‌లో చాలామందే ఉన్నారు. పక్క ఫ్లాట్ ఆంటీకి కూడా చెప్పాను: ఆ నీళ్లు నేల తుడవడానికి వాడండి, సాఫ్ట్‌నర్ వదిలిన సోడియం అందులో ఇంకా చిక్కబడి ఉంటుంది.

అసోసియేషన్ మీటింగ్‌లో అడిగితే, సాఫ్ట్‌నర్‌కి ముందు నుంచి తోటకి విడిగా ఒక లైను లాగడానికి ఒప్పుకున్నారు. ఎండాకాలంలో ట్యాంకర్లు పెరుగుతాయి, ఒక్కో ట్యాంకర్‌లో ఒక్కో రకం నీళ్లు. అందుకని మీటర్ ర్యాక్ పక్కనే వేలాడదీసి, డబ్బా కలిపిన ప్రతిసారీ కొలుస్తున్నాను. వచ్చే వారం వంగ నారు పోయాలి, కోకోపీట్ నానబెట్టాను.