రాత్రి కబడ్డీకి ఏ లెన్స్?

మొన్న జాతరకి అనంతపురం పక్కన మా ఊర్లో రాత్రి కబడ్డీ పెట్టినారు, నాలుగు లైట్లు కట్టి. కెమెరాతో పాటే వచ్చే కిట్ లెన్స్ ఏసుకోని పోతే రైడర్ చెయ్యంతా పొగ మాదిరి వచ్చింది ప్పా. జూమ్ చేస్తే అది ఎఫ్ 5.6కి పడిపోతాది (ఎఫ్ నంబర్ పెరిగేకొద్దీ లెన్స్‌లోకి వచ్చే వెలుతురు తగ్గుతాది), కదలిక ఆగేదానికి షట్టర్ 1/500 సెకను పెడితే, ఫోటోని వెలుగు చేసే ఐఎస్ఓ 12800 పెట్టినా చీకటే. స్టెబిలైజేషన్ ఉంటే చాలన్నాడు షాపాయన, అది మన చెయ్యి వణుకుని ఆపుతాది గానీ ఆటగాన్ని ఆపదు కదా! 70-200 ఎంఎం ఎఫ్ 2.8 జూమ్ లెన్స్‌కి ఈ 5.6 కంటే 4 రెట్లు వెలుతురు వస్తాది, రేటు చూస్తే బైక్ కొనుక్కోవచ్చు. అందుకే సెకండ్‌హ్యాండ్‌లో 85 ఎంఎం ఎఫ్ 1.8 తీసుకున్యా, దాదాపు 10 రెట్లు. జూమ్ లేదు, గీత పక్కనే కూర్చుంటా. అయినా కొన్ని ఫోటోలు పసుప్పచ్చగా వచ్చేవి, లైట్లు సెకనుకి 100 సార్లు మినుక్కుమంటాయంట, కెమెరాలో ఆ మినుకుని చూసుకోని ఫోటో తీసే యాంటీ ఫ్లికర్ ఆన్ చేసినాక తగ్గింది.