పరిగణనలోకి తీసుకోబడింది... ఎవరు తీసుకున్నారండీ?

మొన్న ఒక పాత రిజిస్టర్ మళ్ళీ తెరవాల్సొచ్చింది. ఒక రోడ్డు ప్రాజెక్టు కోసం మేం పెట్టిన సంప్రదింపుల మీటింగుల్లో జనం చెప్పినవన్నీ ఎక్కించిన ఎక్సెల్ షీటు, మొత్తం 140 ఎంట్రీలు. చివరి కాలమ్ పేరు "తీసుకున్న చర్య". సరదాకి ఫిల్టర్ పెట్టి చూస్తే 91 చోట్ల ఒకటే వాక్యం, "మీ సూచన పరిగణనలోకి తీసుకోబడింది". రాసింది నేనే, ఇంకొకర్ని తిట్టుకునే ఛాన్స్ కూడా లేదు.

అసలు మన మాటల్లో ఈ "బడింది" ఎక్కడుంది చెప్పండి? తలుపు నా చేత వేయబడింది అని ఎవరైనా అంటారా? పని ఎవరు చేశారో చెప్పడం ఇష్టం లేనప్పుడే అది ఆఫీసు కాగితాల్లోకి దిగుతుంది. పరిగణనలోకి ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు, తీసుకుని ఏం తేల్చారు అని అడిగితే ఆ 91లో ఒక్కదానికీ నా దగ్గర సమాధానం లేదు.

అందులో 57వ నంబర్ ఎంట్రీ మీద ఆగిపోయా. "పాదచారుల భద్రతపై ఆందోళన" అని ఉంది, అంతే, మూడే ముక్కలు. ఆ మీటింగ్ నాకు బాగా గుర్తు, వెనక వరసలో కూర్చున్న ఒకావిడ లేచి చాలాసేపు మాట్లాడింది, మరి అంత మాట్లాడితే ఇంతే రాశానా అని డౌటొచ్చి పాత నోటుబుక్కు వెతికి తీశా. అదృష్టం, పారేయలేదు. అందులో నా కోడిగీతల రాతలో ఆవిడ మాటలు ఇలా ఉన్నాయి: "పచ్చ లైటు పన్నెండు సెకన్లే ఉంటుందండీ, నేను లెక్కపెట్టా. మా అత్తగారు మూడో లైన్లో ఉండగానే ఎర్ర లైట్ పడిపోతుంది. బస్టాపు అటేపు మారిస్తే ఆవిడ రోజుకి రెండుసార్లు దాటాలి."

చూశారా, ఒక అంకె ఉంది, ఒక మనిషి ఉంది, సరిగ్గా ఎక్కడ ఆగిపోతుందో కూడా ఉంది. నేను దాన్ని తీసుకెళ్ళి "ఆందోళన" చేశా!

ఆ నోటుబుక్కు పేజీ ఫొటో తీసి డిజైన్ చూసే ఆయనకి పంపితే ఆయన అరగంటలో ఫోన్ చేశాడు. నడిచేవాళ్ళ వేగం సెకనుకి దాదాపు 1.2 మీటర్లు అని వేసుకోవడం రోడ్ల లెక్కల్లో చాలా చోట్ల అలవాటు. ఆ రోడ్డు నాలుగు లైన్లు, లైనుకి మూడున్నర చొప్పున 14 మీటర్లు, అంటే పన్నెండు సెకన్లు పుస్తకం ప్రకారం కరెక్టే. కానీ పెద్దవాళ్ళు చాలామంది 0.8 మీటర్ల దగ్గర నడుస్తారు, ఆ లెక్కన పన్నెండు సెకన్లకి తొమ్మిదిన్నర మీటర్లు, అంటే ఇంకా మూడో లైన్లోనే. ఆవిడ కళ్ళతో చూసి చెప్పిందీ ఈయన లెక్కగట్టిందీ ఒకటే. మీటింగ్ అయిన వారానికే ఈ మాట ఆయన చేతిలో పడుంటే డ్రాయింగులో తేలిగ్గా సర్దేవాడట. "ఆందోళన" అని వస్తే నేనేం చెయ్యను చెప్పండి, ఒక బోర్డు పెట్టించమని రాస్తా అన్నాడు. నిజమే మరి.

అప్పట్నించి నా రిజిస్టర్లో మనిషి అన్నమాటకి ఒక కాలమ్, దాని మీద మన అర్థానికి ఇంకో కాలమ్, రెండూ వేరు వేరు. మొదటిది ముట్టుకోకూడదు, యాస ఉన్నా తిట్టున్నా అలాగే ఉండాలి. రెండోది ఎన్నిసార్లైనా మార్చుకోండి. ముందే "భద్రత, శబ్దం, భూమి, ఇతరములు" అని డబ్బాలు కట్టుకుని మీటింగుకి వెళ్తే మాట వినబడకముందే డబ్బాలోకి పోతుంది, మన చెవి అలా తయారవుతుంది. "ఇతరములు" డబ్బా మిగతావాటికంటే లావైపోతుందంటే జనం వేరే విషయం చెప్తున్నారు, మనం వేరే విషయం వింటున్నాం అని అర్థం.

రికార్డర్ పెట్టేస్తే గొడవే లేదు కదా అంటారు కొందరు. పెట్టండి, కానీ అడిగి పెట్టండి, దాన్ని చూడగానే గొంతు మారిపోయేవాళ్ళు ఉంటారు, అసలు నోరే విప్పనివాళ్ళూ ఉంటారు. పైగా రెండు గంటల ఆడియో మళ్ళీ ఎవడూ వినడు. నాకు పనిచేసిన పద్ధతి ఏంటంటే, ఒకళ్ళు మాట్లాడించాలి ఇంకొకళ్ళు రాయాలి, ఆ రాత్రే కూర్చుని సాపు చేసుకోవాలి (తెల్లారితే సగం పోతుంది), అన్నిటికంటే ముఖ్యంగా జనం లేచి వెళ్ళకముందే రాసుకున్నది గట్టిగా చదివి వినిపించాలి. "నేనలా అనలేదండీ" అని కనీసం ఇద్దరు లేస్తారు. మొదట్లో నాకది అవమానంలా ఉండేది, ఇప్పుడు ఎవరూ లేవకపోతేనే భయం.

హాజరు పట్టీ సంగతి కూడా ఒకటుంది. వచ్చినట్టు పెట్టిన సంతకాన్ని ఒప్పుకున్నట్టు సంతకం కింద చూపించడం నేను కళ్ళారా చూశాను, అందుకే ఇప్పుడు ఆ కాగితం పైన పెద్ద అక్షరాలతో "ఇది హాజరు మాత్రమే" అని రాయిస్తా. పేర్లూ ఫోన్ నంబర్లూ వేరే ఫైల్లో, తాళం వేసి. రిజిస్టర్లో "బస్టాపు వాడే మహిళ, మీటింగ్ 4" అని ఉంటే చాలు. ప్రాజెక్టుకి ఎదురు మాట్లాడినవాళ్ళ పేర్లు పదిమంది చేతుల్లో తిరిగితే వాళ్ళకేమవుతుందో మనకి తెలీదు.

ఇదంతా నా సొంత తెలివేం కాదులెండి. ప్రపంచ బ్యాంకు 2018 అక్టోబర్ నించి అమల్లో పెట్టిన పర్యావరణ సామాజిక ప్రమాణాల్లో పదోది పూర్తిగా దీని గురించే. ఎవర్ని కలిశారు, వాళ్ళేం చెప్పారు, దాన్ని ఎలా వాడుకున్నారు, వాడుకోకపోతే ఎందుకు వాడుకోలేదు, ఇవన్నీ రికార్డులో ఉండాలంటుంది. అంతకుముందే పర్యావరణ నిర్ణయాల్లో జనం పాత్ర గురించి దేశాలు చేసుకున్న 1998 ఆర్హస్ ఒప్పందంలో కూడా జనం చెప్పింది నిర్ణయంలో తగినట్టు లెక్కలోకి రావాలని ఉంది. ఇంగ్లండులో 1985లో ఒక స్కూలు మూసివేత కేసులో వచ్చిన నాలుగు షరతులు నాకు బాగా నచ్చుతాయి: నిర్ణయం ఇంకా పచ్చిగా ఉండగానే అడగాలి, ఆలోచించి చెప్పడానికి సరిపడా వివరాలివ్వాలి, సరిపడా టైమివ్వాలి, వచ్చిన జవాబుల్ని నిజాయితీగా పట్టించుకోవాలి. వాటిని గన్నింగ్ సూత్రాలు అంటారు, 2014లో అక్కడి సుప్రీం కోర్టు కూడా ఖాయం చేసింది. నా 91 ఎంట్రీలు మొదటి షరతు దగ్గరే బోర్లా పడతాయి, మేం మీటింగులు పెట్టేసరికి డ్రాయింగులు ప్రింటై గోడకి అంటించి ఉన్నాయి మరి!

షెర్రీ ఆర్న్‌స్టైన్ అని ఒకావిడ 1969లోనే జనం భాగస్వామ్యానికి ఎనిమిది మెట్ల నిచ్చెన గీసింది. అందులో సంప్రదింపు నాలుగో మెట్టు, అదీ "నామమాత్రం" అనే గుంపులో. మనం అదే పై మెట్టు అనుకుని ఫొటోలు దిగుతుంటాం.

ఇంకోటి, లెక్కపెట్టే జబ్బు. రిపోర్టులో "మెజారిటీ అనుకూలం" అని ఒక శాతం వేసేస్తే పైవాళ్ళకి హాయి. కానీ ఇది ఓటింగ్ కాదు కదా. అమెరికాలో 2017లో నెట్ న్యూట్రాలిటీ (నెట్ కంపెనీలు అన్ని సైట్లనీ ఒకేలా చూడాలనే నియమం) మీద అక్కడి టెలికాం కమిషన్ అభిప్రాయాలు అడిగితే 2.2 కోట్ల దాకా వచ్చిపడ్డాయి, వాటిలో దాదాపు 1.8 కోట్లు నకిలీవని న్యూయార్క్ అటార్నీ జనరల్ 2021లో తేల్చారు. తలలు లెక్కపెట్టడమే పనైతే ఎవడైనా తలలు తయారుచేసి పంపుతాడు. ఒకే కాగితం నాలుగు వందల కాపీలొస్తే దాన్ని ఒక పాయింటుగా రాసి పక్కన 400 అని వేస్తా, సంఖ్యని దాచను. అత్తగారి పన్నెండు సెకన్లు చెప్పింది ఒక్కరే, దాని పక్కన 1 అనే ఉంటుంది, అయినా నా మటుకు ఆ మీటింగులన్నిటిలో పనికొచ్చిన మాట అదే.

"చర్య" కాలమ్ ఇప్పుడు నాలుగు ముక్కలైంది: ఎవరి దగ్గరికి వెళ్ళింది, వాళ్ళేం తేల్చారు, కాదంటే కారణం ఏంటి, చెప్పినవాళ్ళకి ఎప్పుడు తిరిగి చెప్పాం. "బడింది" రాస్తే ఆ గడి ఎర్రగా మారేలా ఫార్ములా పెట్టుకున్నా, నవ్వకండి. కాదు అని రాయడం మొదట్లో భయంగా ఉండేది, కారణం లేని కాదు ఇంకా భయంగా ఉంటుంది కాబట్టి డిజైన్ వాళ్ళని కారణం కోసం పీక్కుతినడం మొదలైంది, నేనంటే వాళ్ళకి ఇప్పుడు పెద్ద ఇష్టం లేదు.

మరి 57కి ఏమైంది అంటారా? ఆలస్యంగానే, కిందటి నెల ఆవిడ దగ్గరికి వెళ్ళాం. సిగ్నల్ టైము మా ప్రాజెక్టు చేతిలో లేదు, వేరే శాఖది, వాళ్ళకి 18 సెకన్లు అడుగుతూ రాశాం, జవాబు రాలేదు. రోడ్డు మధ్యలో ఆగడానికి దిబ్బ మాత్రం డిజైన్లో పెట్టారు. ఇదే చెప్పా, బస్టాపు మారకుండా ఆపలేం అని కూడా చెప్పా. ఆవిడ అంతా విని, "సరే, దిబ్బ మీద నిలబడితే వాన పడదా?" అంది.

రిజిస్టర్లో 141 అని కొత్త నంబర్ వేసి, అక్షరం మార్చకుండా రాసుకున్నా.