లేబుల్ మీద అక్షరం ఎత్తు ఎవరు తేల్చారు?

మాది చిన్న పచ్చళ్ల వ్యాపారం. సీసా లేబుల్ మీద అంకెలు ఎంత ఎత్తులో ఉండాలో 2009 నాటి తూనికలు కొలతల చట్టంలో వెతికితే దొరకదు. ఆ వివరాలన్నీ 2011లో కేంద్ర శాఖ రాసిన రూల్స్‌లో ఉన్నాయి. అంటే మాకు రోజూ తగిలేది ఎంపీలు ఓటేసిన చట్టం కాదు, అధికారులు రాసి గెజిట్‌లో వేసిన రూల్స్.

మరి పార్లమెంటు చూడదా? చూడాలనే ఉంది. ప్రతి రూల్‌నూ ఉభయ సభల ముందు 30 రోజులు ఉంచాలి. రెండు సభలూ ఒప్పుకుంటే మార్చవచ్చు, కొట్టేయవచ్చు. కిటుకంతా ఇక్కడే. ఈలోపు రూల్ అమల్లోనే ఉంటుంది, ఎవరూ నోరెత్తకపోతే అలాగే కొనసాగుతుంది.

నోరెత్తిన వాళ్లూ లేకపోలేదు. ఇంటర్నెట్ కంపెనీలకు పెట్టిన 2011 ఐటీ రూల్స్ రద్దు చేయాలని కేరళ ఎంపీ పి. రాజీవ్ 2012లో రాజ్యసభలో తీర్మానం పెట్టారు. చర్చ బాగానే జరిగింది. అందరితో మాట్లాడతామని మంత్రి కపిల్ సిబల్ హామీ ఇచ్చారు. తీర్మానం మాత్రం వీగిపోయింది.

సభకు తీరిక లేని ఈ పనికి రెండు సభల్లోనూ సబార్డినేట్ లెజిస్లేషన్ (అంటే చట్టం కింద శాఖలు రాసే రూల్స్) కమిటీలున్నాయి. లోక్‌సభ కమిటీలో 15 మంది, మంత్రులుండరు (అదొక్కటీ నయం). రూల్స్ ఆలస్యమైతే శాఖలు గడువు అడగాల్సింది వీళ్లనే. పౌరసత్వ సవరణ చట్టం 2019 డిసెంబరులో వచ్చింది, రూల్స్ 2024 మార్చిలో. అన్నేళ్లూ హోంశాఖ గడువు మీద గడువు తీసుకుంటూనే ఉంది. మాకైతే లేబుల్ మార్చుకోవడానికి అంత టైమ్ ఎవరిస్తారు?