హిమాలయన్ 411 ఎత్తు తగ్గింపు: లింకు, ఫోర్కు, రెండు స్టాండ్లు

బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411. సీటు ఎత్తు 800 మి.మీ., గ్రౌండ్ క్లియరెన్స్ 220, సస్పెన్షన్ ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ ఆడే దూరం) ముందు 200, వెనక 180, వీల్‌బేస్ 1465. సైడ్ స్టాండు, మెయిన్ స్టాండు రెండూ కంపెనీ నుంచే వచ్చినవి కాబట్టి, బండి దించితే రెండింటికీ కోత తప్పదు. కాలు నేలకు అందేలా దించాలనుకున్నది వెనక 30 మి.మీ., ముందు 25. అంతకు మించి దించితే, కాలనీల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు పోసుకున్న స్పీడ్ బ్రేకర్లు సంప్ గార్డును (ఇంజిన్ అడుగున ఉండే రక్షణ రేకును) గీకడం ఖాయం. ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల పొడవు ఉండాలి. అలాంటిది మన వీధుల్లో ఎక్కడుందో వెతుక్కోవాలి.

కాలు అందడానికి ఒకటి రెండు సెంటీమీటర్లే తక్కువైతే ఈ పనంతా దండగ. సీటు ముక్కు దగ్గర ఫోమ్ ఇరుపక్కలా చెక్కి సన్నం చేయిస్తే సరిపోతుంది. తొడలు దగ్గరికి వచ్చేకొద్దీ పాదం కిందికి అందుతుంది.

వెనక: లింకు ప్లేట్లు

ప్రీలోడ్ (స్ప్రింగ్‌ను ముందే నొక్కి ఉంచే బిగింపు) వదులు చేసినా బండి దిగుతుంది గానీ, ట్రావెల్ అంతా బరువుకే ఖర్చయిపోయి పెద్ద గుంత రాగానే అడుగు తగులుతుంది. మనిషి కూర్చున్నాక మొత్తం ట్రావెల్‌లో దాదాపు మూడో వంతు, అంటే ఇక్కడ 55-60 మి.మీ. కుంగాలి. దాన్ని చెడగొట్టకుండా దించాలంటే లింకేజీలోని, అంటే వెనక చక్రం కదలికను షాకబ్జార్బర్‌కు అందించే కీళ్ల అమరికలోని, జత ప్లేట్ల పొడవు మార్చాలి.

ఎంత మార్చాలో లెక్కలు కట్టక్కర్లేదు, బండి మీదే కొలవొచ్చు. మెయిన్ స్టాండు వేసి, వెనక టైరు కింద సరిగ్గా తగిలేలా చెక్కలు పెట్టి ప్లేట్లు ఊడదీయండి. షాకబ్జార్బర్ పూర్తిగా సాగి ఉంటుంది కాబట్టి, రాకర్‌ను (ప్లేట్లకూ షాకబ్జార్బర్‌కూ మధ్య ఊగే ముక్కను) చేత్తో దాని మీదికి ఆనించి పడితే ఉన్నచోటే నిలుస్తుంది. ఇప్పుడు చక్రాన్ని 30 మి.మీ. ఎత్తి కింద మరో చెక్క దూర్చండి. రెండు బోల్టులూ వాటి బెజ్జాల్లో పెట్టి, వెర్నియర్‌తో బోల్టుల లోపలి అంచుల మధ్య దూరం, బయటి అంచుల మధ్య దూరం తీసుకుని, కలిపి సగం చేయండి. కొత్త ప్లేటులో బెజ్జాల సెంటర్ దూరం అదే.

ప్లేటు పాతదానికన్నా పల్చన కాకూడదు. లేత్ షాపులో ఈఎన్8 (మధ్యస్థ కార్బన్ స్టీలు రకం) అడగండి. రెండు ప్లేట్లనూ క్లాంపుతో కలిపి పట్టి, ఒకే దెబ్బలో బెజ్జం వేయించి రీమర్ (బెజ్జాన్ని సరైన కొలతకు నునుపు చేసే పనిముట్టు) పట్టించాలి. విడివిడిగా వేస్తే చిన్న తేడాకే రాకర్ మెలితిరిగి నీడిల్ బేరింగులను తినేస్తుంది. వానల్లో తిరిగిన బండ్లలో ఆ బేరింగులు ఎండిపోయో తుప్పు పట్టో ఉంటాయి. చేతిలో పనే కాబట్టి కడిగి గ్రీజు పెట్టేయండి.

చాలామంది ఇక్కడితో బండి దించేసి రోడ్డెక్కుతారు. అసలు తనిఖీ ఇప్పుడే ఉంది. షాకబ్జార్బర్ స్ట్రోకు, అంటే అది నలిగే దూరం, అంతే ఉంది, చక్రం మాత్రం 30 మి.మీ. పైనుంచి మొదలవుతోంది. అంటే పూర్తిగా నలిగినప్పుడు కూడా టైరు ఇదివరకటికన్నా పైకి వెళ్తుంది. స్ప్రింగ్ తీసిన షాకబ్జార్బర్ బిగించి, బంప్ రబ్బరు పూర్తిగా నలిగేదాకా చక్రాన్ని జాకీతో ఎత్తి చూడండి. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య కనీసం 15 మి.మీ. మిగలాలి. మిగలకపోతే బంప్ రబ్బరు దగ్గర రాడ్డుకు నైలాన్ స్పేసర్ వేసి ఆ మేరకు ట్రావెల్ కుదించాలి. స్ప్రింగ్ విప్పడానికి కంప్రెసర్ ఉన్న షాపుకే వెళ్లండి; తాళ్లతో కట్టి విప్పితే ముఖం పగులుతుంది.

ముందు: ఫోర్కు

బిగింపు బోల్టులు వదులు చేసి, 41 మి.మీ. వ్యాసం ట్యూబులను టీలో (పైనా కిందా ట్యూబులను పట్టి ఉంచే ముక్కల్లో) 25 పైకి జరపడమే. రెండు వైపులా వెర్నియర్‌తో సమానంగా ఉండాలి. పైన హ్యాండిల్‌కు తగలకుండా, బ్రేకు హోసు లాగకుండా చూసుకోండి. ఫోర్కు పూర్తిగా సాగి ఉన్నప్పుడు కింది టీ నుంచి డస్ట్ సీలు దాకా కనిపించే ట్యూబు పొడవు 200కన్నా కొన్ని మి.మీ. ఎక్కువే ఉండాలి. లేదంటే ఫోర్కు లోపలి స్టాపుకు చేరకముందే స్లైడర్ (ఫోర్కు కింది గొట్టం) వెళ్లి టీకి గుద్దుతుంది. బోల్టుల టార్కు సర్వీస్ మాన్యువల్లో చూసి, ఒక్కసారిగా కాక మార్చి మార్చి బిగించాలి. ఎక్కువ బిగిస్తే ట్యూబు నొక్కుకుంటుంది.

వెనక మాత్రం దించి ముందు వదిలేస్తే, 1465 వీల్‌బేస్‌కు 30 మి.మీ. అంటే రేక్ (ఫోర్కు వాలు కోణం) 1 డిగ్రీ పైచిలుకు పెరుగుతుంది. హ్యాండిల్ బరువెక్కి, హెడ్‌లైటు ఎదుటివాడి కళ్లలో పడుతుంది.

చైను

మాన్యువల్లోని చైన్ లూజు కొలత పాత స్వింగ్ ఆర్మ్ కోణానికి రాసింది. లింకు ప్లేట్లు ఇంకోసారి విప్పి, ఇంజిన్ స్ప్రాకెట్ సెంటరు, స్వింగ్ ఆర్మ్ పివట్, వెనక యాక్సిల్ మూడూ ఒకే గీత మీదికి వచ్చేలా చక్రం ఎత్తండి. చైను అన్నిటికన్నా బిగిసేది అక్కడే. ఆ స్థితిలో చైను మధ్యలో ఇంకా కొంచెం ఆడాలి, 10 మి.మీ.కి తగ్గకూడదు. అలా సెట్ చేసి అంతా బిగించాక, సైడ్ స్టాండు మీద లూజు ఎంత ఉందో కొలిచి రాసిపెట్టుకోండి. ఇకమీదట ఈ బండికి అదే కొలత.

సైడ్ స్టాండు

లింకు, ఫోర్కు పని ముగిశాకే స్టాండు కోయాలి. పాత స్టాండు మీద దిగిన బండి దాదాపు నిటారుగా నిలబడుతుంది, అవతలి పక్క నుంచి ఎవరో తగిలితే పడిపోతుంది. కోత కొలత తేలికే: రెండు చక్రాల కిందా సమాన మందం ప్లైవుడ్ ముక్కలు పేరుస్తూ పోండి, స్టాండు నేల మీదే ఉండాలి. బండి వాలు మునుపటిలా వచ్చినప్పుడు ముక్కల మొత్తం మందమే దాదాపుగా కోత. ఇక్కడ 27-28 దగ్గర తేలుతుంది. మొదట 3 మి.మీ. తక్కువ కోయండి, ఎక్కువైన కోతను అతికించడం ఎవరి తరమూ కాదు.

స్టాండును బండి నుంచి విప్పే వెల్డింగ్‌కు ఇవ్వాలి. బండి మీదే వెల్డ్ చేస్తే ఈసీయూకు (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కు) ముప్పు, బీఎస్6 బండ్లలో స్టాండు దగ్గరి స్విచ్ కూడా ఉంటుంది. కోయకముందు కాలు పొడవునా స్క్రైబర్‌తో ఒక గీత గీయండి. తిరిగి కలిపేటప్పుడు ఆ గీత కలిస్తే కింది పాదం మెలితిరగదు. స్ప్రింగ్ కొక్కేనికి దిగువన, తిన్నని భాగంలో కోత పడాలి. గొట్టమైతే లోపల బిగుతుగా పట్టే రాడ్డు ముక్క 50 మి.మీ. దూర్చి, రెండు అంచులూ వాలుగా గ్రైండ్ చేసి నిండుగా వెల్డ్ కొట్టించాలి. పైపైన ఒక చుట్టు కొడితే 200 కిలోల బండి ఏ ఎండాకాలపు తారు రోడ్డు మీదో దాన్ని విరగ్గొడుతుంది. పాదానికి కింద వెడల్పు రేకు కూడా అప్పుడే వేయించేస్తే మంచిది.

మెయిన్ స్టాండు

దీన్ని చివరికి ఉంచడానికి కారణం, పై పనుల్లో చాలావరకు దీని మీద నిలబెట్టే చేయాలి. ఇప్పుడు స్టాండు వేయాలంటే ఇద్దరు పట్టాలి, వెనక టైరు నేలకు బాగా ఎత్తులో వేలాడుతుంది. వెనక చక్రం 30 పైకి జరిగింది, దానికి తోడు ముందు దిగడంతో బండి స్టాండు మీద తక్కెడలా ముందుకు వాలి, వెనక మరో 16 దాకా లేస్తుంది. మొత్తం 46.

అలాగని 46 కోసేస్తే టైరు నేల వదలదు, స్టాండు ఉండీ లేనట్టే. కాళ్లు కోస్తే బండి ముందు చక్రం ఆధారంగా దిగుతుంది కాబట్టి, స్టాండు దగ్గర 1 మి.మీ. దిగితే వెనక చక్రం అంతకన్నా ఎక్కువ దిగుతుంది. ముందు యాక్సిల్ నుంచి స్టాండు పాదం దాకా అడ్డంగా దూరం కొలిచి, దానితో 1465ను భాగించండి. ఆ దూరం 900 అయితే 1.63 వస్తుంది. 46ను 1.63తో భాగిస్తే 28. ఇక్కడా 3-4 తక్కువే కోసి, బండి ఎక్కించి చూసుకోవాలి. టైరు కింద 15-20 మి.మీ. ఖాళీ ఉంటే పంక్చర్ పనికీ చైను పనికీ చాలు.

వంపు తిరిగిన పాదాలను ముట్టుకోకుండా పైన కోయాలి. రెండు కాళ్లూ ఒకే పొడవు రావాలంటే వెల్డింగ్ ముందు రెండింటినీ మందపాటి ఇనుప పలక మీద నిలబెట్టి టాక్ (తాత్కాలికంగా పట్టి ఉంచే చిన్న వెల్డ్) కొట్టించండి. అటూ ఇటూ ఊగకపోతేనే పూర్తి వెల్డ్.

ఇప్పుడు ఎక్కడుంది

లింకు, ఫోర్కు, చైను అయ్యాయి. స్టాండ్లకు వెల్డింగ్ అయింది, ప్రైమర్ మీద నల్ల రంగు పడాలి. హెడ్‌లైటును బండి దించకముందు గోడ మీద వెలుగు పడ్డచోట గీసిన పాత గీతకు కలపాలి. మిగిలింది వెనక స్ప్రింగ్: కొత్త లింకుతో లీవరేజీ మారి మెత్తబడింది, వెనక మనిషి కూర్చుంటే కుంగు 60 దాటుతోంది. ప్రీలోడ్ రెండు మెట్లు పెంచి చూసి, అప్పటికీ దాటితే గట్టి స్ప్రింగే. ఇన్సూరెన్స్ వాళ్లకు ఈ మార్పులు రాతపూర్వకంగా చెప్పడం కూడా ఇంకా ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 బండి మార్పుల గురించే కాబట్టి, క్లెయిమ్ వేళ ఈ మాట రాకమానదు. పాత ప్లేట్లను పారేయకుండా నూనె రాసి సంచిలో కట్టిపెట్టాం.